వినే తీగ

మాట్లాడడానికి గొంతు, వినడానికి చెవి అవసరం. ఈ రెండు పనులకూ ఒకే అవయవం చాలదన్న సంగతి ప్రకృతికి తెలుసు. రేడియోలో మాత్రం చాలాకాలం పాటు ఒకే తీగ ఈ రెండు పనులనూ నిర్వహించింది. సంకేతాన్ని ఆకాశంలోకి పంపే యాంటెనాయే దూరం నుండి వచ్చే సంకేతాన్ని పట్టి గ్రాహకానికి అందించేది. పౌనఃపున్యం ఎక్కువగా ఉన్న తరంగాల విషయంలో ఈ ఏర్పాటు చక్కగానే సాగుతుంది. పౌనఃపున్యం తగ్గి, తరంగదైర్ఘ్యం పెరిగిన కొద్దీ చిక్కులు మొదలవుతాయి. ఎత్తుగా, పొడవుగా కట్టిన తీగ బాగా పలుకుతుంది కాని, బాగా వినలేదు. సికింద్రాబాదు వంటి జనసమ్మర్దం గల నగరంలో ఈ లోపం మరీ స్పష్టంగా బయటపడుతుంది. వినడానికి వేరుగా ఒక చిన్న తీగను ఏర్పరచుకోవాలన్న ఆలోచన ఈ అవసరం నుండే పుట్టింది.

ధనార్జన కోసం కాక, స్వయంశిక్షణ కోసం, ప్రయోగాల కోసం, పరస్పర సంభాషణ కోసం వ్యక్తులు నడుపుకొనే రేడియో కేంద్రాలను అమెచ్యూర్ రేడియో కేంద్రాలు అంటారు. వాటిని నడిపేవారిని లోకం 'హ్యామ్‌లు' అని పిలుస్తుంది. మన దేశంలో ఈ అభిరుచికి నూరేళ్ళ చరిత్ర ఉంది. 1921లో కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తు తొలి లైసెన్సు పొందారు. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా లైసెన్సు పొందిన హ్యామే. తెలుగునాట ఈ విద్యకు ఒక కేంద్రంగా 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ నెలకొన్నది. కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల శాఖ నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులైన వారికి లైసెన్సు లభిస్తుంది. ఎవరు ఏ పౌనఃపున్యాలపై, ఎంత శక్తితో మాట్లాడవచ్చునో ఆ శాఖే నిర్ణయిస్తుంది.

హ్యామ్‌లకు కేటాయించిన పౌనఃపున్యాలలో దిగువన ఉన్న పట్టీలలో 160 మీటర్ల పట్టీ, 80 మీటర్ల పట్టీ ఉన్నాయి. భారతదేశంలో మొదటిది 1820 నుండి 1860 కిలోహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఇది సామాన్యులు వినే మధ్యతరంగ ప్రసారాలకు ఇంచుమించు పొరుగిల్లు వంటిది. ఈ పట్టీలకు ఒక విచిత్ర స్వభావం ఉంది. పగటివేళ సూర్యకిరణాల ప్రభావం వల్ల భూమికి 60 నుండి 90 కిలోమీటర్ల ఎత్తున ఐనో ఆవరణపు కింది పొర ఏర్పడి ఈ తరంగాలను మింగివేస్తుంది. సూర్యుడు అస్తమించగానే ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు మరింత పైనున్న పొరలకు చేరి, అక్కడినుండి పరావర్తనం చెంది, వేల కిలోమీటర్ల దూరం ప్రయాణిస్తాయి. అందువల్ల ఈ పట్టీలపై పనిచేసేవారు నిశాచరులు కాక తప్పదు.

రాత్రి పూట తరంగాలు వస్తున్నాయి, గ్రాహకం పనిచేస్తున్నది. మరి కొరత ఎక్కడ? కొరత రొదలో ఉంది. గ్రాహకాన్ని 160 మీటర్ల పట్టీపైకి తిప్పగానే ఎడతెగని బుసబుస వినిపిస్తుంది. దానిలో కొంత ప్రకృతి సృష్టించినది. ప్రపంచంలో ఎక్కడ మెరుపు మెరిసినా దాని విద్యుత్తరంగం ఇవే పౌనఃపున్యాలపై దూరప్రయాణం చేసి చిటపటమని వినిపిస్తుంది. మిగిలినదంతా మానవుడు తెచ్చుకున్నది. మొబైల్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ దీపాలు, టీవీ పెట్టెలు, ఇన్వర్టర్లు, లిఫ్టు మోటారును నడిపే ఎలక్ట్రానిక్ సాధనాలు, సౌరఫలకాలకు జతపరచే పరికరాలు అన్నీ విద్యుత్తును సెకనుకు వేల, లక్షల పర్యాయాలు తుంచి, అతికించి పనిచేస్తాయి. ఆ ప్రతి తుంపు ఒక చిన్న ప్రసారిణే. వీధి స్తంభంపై దుమ్ము పట్టిన పింగాణీ ఇన్సులేటరు మీద పుట్టే సన్నని నిప్పురవ్వ కూడా వీధివీధంతటికీ వినిపించగల ప్రసారిణి. సికింద్రాబాదులో వీటికి తోడు 25 వేల వోల్టుల రైల్వే తీగలున్నాయి. 2017లో ప్రారంభమైన మెట్రో రైలు కూడా అదే వోల్టేజీతో నడుస్తున్నది. పగలు కొనసాగే ఈ కోలాహలంలో కొంత రాత్రి పొద్దుపోయాక తగ్గుతుంది గాని, పూర్తిగా ఆగదు.

ఈ రొద పరిమాణాన్ని అంకెల్లో చూస్తేనే దాని స్వరూపం బోధపడుతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రకటించిన సూత్రాల ప్రకారం నివాస ప్రాంతాలలో 1.8 మెగాహెర్ట్జ్ వద్ద మానవకృతమైన రొద, సహజమైన ఉష్ణరొదకంటె సుమారు 65 డెసిబెల్‌లు అధికం. అంటే దాదాపు 30 లక్షల రెట్లు. జనసంచారం లేని నిశ్శబ్దమైన పల్లెపట్టున ఇది 46 డెసిబెల్‌లకు దిగుతుంది. ఒక మంచి గ్రాహకం తనలో తాను పుట్టించుకొనే రొద 15 డెసిబెల్‌లనుకుంటే, అది 30 రెట్లు మాత్రమే. కనుక బయటినుండి వచ్చే రొద గ్రాహకపు సొంత రొదకంటె లక్ష రెట్లు ఎక్కువ.

ఈ చిన్న లెక్కలోనే అసలు కిటుకు దాగి ఉంది. యాంటెనా ఎంత పెద్దదైతే అంత మంచిదని సాధారణంగా భావిస్తారు. ప్రసారం విషయంలో అది నిజమే. అక్కడ ప్రతి వాటు శక్తీ విలువైనదే. గ్రహణం విషయంలో అలా కాదు. పెద్ద యాంటెనా సంకేతాన్ని పది రెట్లు ఎక్కువగా పట్టితే రొదను కూడా పది రెట్లు ఎక్కువగానే పట్టుతుంది. వినేవానికి ఒరిగేదేమీ లేదు. యాంటెనాను చిన్నది చేస్తే రెండూ సమంగా తగ్గుతాయి. వినేవానికి పోయేదీ ఏమీ లేదు. పట్టిన శక్తి పదివేలవ వంతుకు పడిపోయినప్పటికీ, బయటి రొద ఇంకా గ్రాహకపు సొంత రొదకంటె పది రెట్లు ఎక్కువగానే ఉంటుంది. తగ్గినదాన్ని ఒక చిన్న వర్ధకంతో పెంచుకోవచ్చు. కాబట్టి గ్రహణ యాంటెనాను ఎంచేటప్పుడు అది ఎంత పట్టింది అన్నది ప్రశ్న కాదు. కావలసినదాన్ని, అక్కరలేనిదాన్ని ఏ నిష్పత్తిలో పట్టింది అన్నదే ప్రశ్న.

మోండా మార్కెట్టులో ఉదయం వేళ నిలబడి, అవతలి వరుసలో ఉన్న మనిషి మాట వినవలసి వచ్చిందనుకుందాం. ఎవరైనా చేసేది ఒక్కటే. అరచేతిని చెవి వెనుక దొప్పగా పెట్టి అటువైపు తిరుగుతారు. ఆ దొప్ప అవతలి మనిషి గొంతును పెద్దది చేయడంకంటె, వెనుకనుండి వచ్చే కేకలను అడ్డుకోవడం ద్వారానే ఎక్కువ మేలు చేస్తుంది. గ్రహణ యాంటెనా చేసే పని కూడా సరిగ్గా ఇదే. ఒక దిక్కుకు చెవి ఒగ్గి, తక్కిన దిక్కులకు చెవిటిదవుతుంది.

ఈ సంగతి రేడియో తొలినాళ్ళలోనే తెలిసింది. 1921లో అమెరికా ఇంజనీరు హెరాల్డ్ బెవరేజ్ నేలకు కొద్ది ఎత్తులో, ఒక తరంగదైర్ఘ్యానికి తగ్గకుండా, సరళరేఖలో సాగే పొడవాటి తీగపై పేటెంటు పొందాడు. తీగ దూరపు కొసను ఒక నిరోధకం ద్వారా భూమికి కలుపుతారు. దగ్గరి కొసను గ్రాహకానికి కలుపుతారు. నిరోధకం ఉన్న దిక్కునుండి వచ్చే తరంగం తీగ వెంట సాగుతూ, అడుగడుగునా బలం పుంజుకుంటూ గ్రాహకాన్ని చేరుతుంది. వెనుకనుండి వచ్చే తరంగం ఎదురుదిశలో పోగై నిరోధకంలో వేడిగా మారి అంతరిస్తుంది. ఆ సంవత్సరం డిసెంబరులో పాల్ గాడ్లీ అనే అమెరికా హ్యామ్ అట్లాంటిక్ సముద్రం దాటి స్కాట్లండ్ తీరంలోని ఆర్డ్రోసన్‌కు వెళ్ళి, చలిగాలులలో డేరా వేసుకొని, ఇటువంటి తీగనే పరచాడు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంనుండి సుమారు 230 మీటర్ల తరంగదైర్ఘ్యంపై హ్యామ్‌లు పంపిన సంకేతాలను ఆ తీగపైనే విన్నాడు. సొంత ఖర్చులతో కేంద్రాలు నడుపుకొనే ఔత్సాహికుల గొంతు సముద్రం దాటగలదని అది నిరూపించింది. ఈ ఉదంతాన్ని చెప్పేటప్పుడు అందరూ ప్రసారిణిని కీర్తిస్తారు. వాస్తవానికి సగం కీర్తి నేలబారుగా పరచిన ఆ తీగది.

బెవరేజ్ తీగకు చోటు కావాలి. 160 మీటర్ల పట్టీకి కనీసం 160 మీటర్ల పొడవైనా ఉండాలి. 300 మీటర్లయితే ఇంకా మేలు. పైగా ఏ దిక్కు వినాలంటే ఆ దిక్కుకు ఒక్కొక్క తీగ పరచాలి. దక్కను పీఠభూమి రాతినేల తీగకు అనుకూలమే. విద్యుత్తును సరిగా ప్రవహింపనీయని నేలపైనే బెవరేజ్ తీగ బాగా పనిచేస్తుంది. కాని సికింద్రాబాదులో నేల ఉన్నా జాగా లేదు. ఒకనాడు వేపచెట్ల నడుమ విశాలమైన ఆవరణలతో బంగళాలున్న మారేడుపల్లిలో ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. తిరుమలగిరి, బొల్లారం వైపున్న ఖాళీ జాగాలో అధికభాగం సైన్యానిది. సామాన్య గృహస్థుకు మిగిలేది డాబా పైకప్పు, లేదా ఇంటి వెనుక నాలుగు గజాల పెరడు. ఆ కొద్ది చోటులో చెవిని ఏర్పరచుకోవడం ఎలాగన్నదే ఈనాటి ప్రశ్న.

అన్నింటికంటె చిన్నది వలయ యాంటెనా. రెండు వెదురు బద్దలను అడ్డంగా, నిలువుగా కట్టి, ఒక మీటరు వెడల్పున మూడు నాలుగు చుట్లు తీగ చుట్టితే వలయం సిద్ధమవుతుంది. పాత వాల్వు రేడియోలలో ఉండే గ్యాంగ్ కండెన్సర్‌ను ఆ కొసలకు కలిపి తిప్పితే, వలయం కోరిన పౌనఃపున్యానికి శ్రుతి అవుతుంది. లోపలివైపు మరొక్క చుట్టు తీగ వేసి దానిని కేబులు ద్వారా గ్రాహకానికి చేర్చాలి. ఖర్చు స్వల్పం. ఇక దీని గుణం గమనింపదగినది. నిలువుగా నిలిపిన వలయం తన తలం ఉన్న దిక్కులలో బాగా వింటుంది. తలానికి లంబంగా ఉన్న రెండు దిక్కులలో దాదాపు ఏమీ వినదు. వినికిడి చిత్రం గీస్తే ఇంగ్లీషు ఎనిమిది అంకెలా ఉంటుంది. బాగా వినే దిక్కు వెడల్పైనది, వినని దిక్కు సూదిమొనలా సన్ననిది. అందుచేత వలయాన్ని సంకేతం వైపు తిప్పడంవల్ల పెద్ద లాభం లేదు. రొదను పుట్టించే పొరుగింటి ఇన్వర్టరు వైపు ఆ సూదిమొనను గురిపెట్టాలి. తిప్పుతూ ఉంటే ఒక్కచోట రొద చటుక్కున మాయమై, అంతదాకా దానికింద అణగి ఉన్న మోర్సు చుక్కలు, గీతలు పైకి తేలుతాయి. రేడియో ప్రయోగాలలో ఇంత తక్కువ శ్రమకు ఇంత సంతోషం కలిగించేవి అరుదు.

వలయం గురించి ఒక అతిశయోక్తి ప్రచారంలో ఉంది. రొద అంతా విద్యుత్ క్షేత్రంలోనే ఉంటుందనీ, వలయం అయస్కాంత క్షేత్రాన్ని మాత్రమే గ్రహిస్తుంది గనుక రొద దానికి అంటదనీ కొందరంటారు. రొదకు మూలమైన వస్తువు చాలా దగ్గరగా, అనగా తరంగదైర్ఘ్యంలో సుమారు ఆరవవంతు లోపల, 160 మీటర్ల పట్టీకైతే 25 మీటర్ల లోపల ఉన్నప్పుడు ఆ మాటలో కొంత నిజముంది. అంతకు మించిన దూరంలో రెండు క్షేత్రాలూ విడదీయరాని జంటగా ప్రయాణిస్తాయి. అక్కడ వలయానికి మేలు చేసేది దాని దిక్కుల గుణమే గాని, మరే మహిమా కాదు.

వలయానికి ముందువెనుకల భేదం తెలియదు. ఆ లోపాన్ని తీర్చడానికి పుట్టినది 1997లో గ్యారీ బ్రీడ్ అనే అమెరికా హ్యామ్ ప్రకటించిన నిర్మాణం. ఆయన గుర్తింపు సంకేతం కె9ఏవై కావడంవల్ల దానికి ఆ పేరే స్థిరపడింది. ఏడున్నర మీటర్ల ఎత్తున్న ఒక్క గడకర్ర, సుమారు 26 మీటర్ల తీగ, నేలలో దిగగొట్టిన ఒక కడ్డీ, ఒక నిరోధకం, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు దీనికి చాలు. తీగను గడకర్ర కొననుండి రెండువైపులా వాలుగా దింపి, తిరిగి కింద కలుపుతారు. ఒక కొస నాలుగు వందల ఓమ్‌లకు అటుఇటుగా ఉన్న నిరోధకం ద్వారా భూమికి చేరుతుంది. మరొక కొస ట్రాన్స్‌ఫార్మరు ద్వారా కేబులుకు చేరుతుంది. ఈ తీగ ఒకేసారి రెండు విధాలుగా ప్రవర్తిస్తుంది. వలయంగా ఎనిమిది అంకె ఆకారంలో వింటుంది. భూమికి కలిసిన పొట్టి నిలువు తీగగా అన్ని దిక్కులా సమంగా వింటుంది. ముందువైపునుండి వచ్చే తరంగానికి ఈ రెండు వోల్టేజీలు కూడుతాయి. వెనుకవైపునుండి వచ్చేదానికి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. రెండూ సరితూగేట్లు చూడడమే నిరోధకం పని. ఫలితంగా వినికిడి చిత్రం హృదయాకారంలోకి మారుతుంది. నిరోధకాన్ని, కేబులును ఒక రిలే ద్వారా తారుమారు చేస్తే ముందు వెనుక అవుతుంది. దీనికి లంబంగా అదే గడకర్రపై మరొక వలయం కడితే నాలుగు దిక్కులూ ఒక మీట చాటుకు వస్తాయి.

దీనికి మంచి భూసంబంధం కావాలి. గ్రానైటు రాయి కొద్ది లోతులోనే తగిలే సికింద్రాబాదు నేలలో కడ్డీ దిగగొట్టడం కష్టం. దిగినా వేసవిలో నేల ఎండిపోతే సంబంధం చెడుతుంది. కడ్డీతో పాటు నేలపై నాలుగైదు తీగలను పరచుకోవడం దీనికి విరుగుడు. భూమితో నిమిత్తం లేని 'జెండా' యాంటెనా మరొక మార్గం. జెండాలా పొడవుగా ఉండే ఈ దీర్ఘచతురస్రపు వలయం ఎత్తు నాలుగు మీటర్లకు కొద్దిగా ఎక్కువ, పొడవు సుమారు తొమ్మిది మీటర్లు. ఒక నిలువు భుజంలో తొమ్మిది వందల ఓమ్‌లకు పైబడిన నిరోధకం, ఎదుటి భుజంలో కేబులు సంబంధం ఉంటాయి. భూమి అక్కరలేదు గనుక డాబాపై కట్టుకోవచ్చు. అయితే స్లాబులోని ఇనుపచువ్వలనుండి, నీళ్ళ గొట్టాలనుండి ఎంత దూరంగా ఉంచితే అంత మంచిది.

పెరడు మరికొంత విశాలంగా ఉన్నవారికి మూడవ మార్గం ఉంది. ఇది సూత్రరీత్యా అన్నింటికంటె సుందరమైనది. ఆరేడు మీటర్ల పొట్టి నిలువు తీగలు రెండింటిని 20 మీటర్ల ఎడంతో నిలిపారనుకుందాం. ఆ ఎడం 160 మీటర్ల తరంగంలో ఎనిమిదవ వంతు, అనగా 45 డిగ్రీలు. వెనుకనుండి వచ్చే తరంగం మొదట వెనుక తీగను, తర్వాత 45 డిగ్రీలు ఆలస్యంగా ముందు తీగను తాకుతుంది. వెనుక తీగ సంకేతాన్ని ఒక కేబులు చుట్టలో పంపి సరిగ్గా అంతే ఆలస్యం చేసి, ముందు తీగ సంకేతంనుండి తీసివేస్తే రెండూ సమమై శూన్యమవుతాయి. కేబులులో తరంగవేగం కాంతివేగంలో 66 శాతం గనుక, 20 మీటర్ల ఎడానికి 13.2 మీటర్ల కేబులు సరిపోతుంది. ముందునుండి వచ్చే తరంగం సంగతి వేరు. అది వెనుక తీగను 45 డిగ్రీలు ఆలస్యంగా తాకి, కేబులులో మరో 45 డిగ్రీలు ఆలస్యమై, మొత్తం 90 డిగ్రీల తేడాతో వస్తుంది. తీసివేసినా శూన్యం కాదు. ఒక్క తీగ ఇచ్చేదానికి 1.41 రెట్లు మిగులుతుంది. ఎడం 20 నుండి 5 మీటర్లకు తగ్గిస్తే, వెనుక శూన్యం అలాగే ఉంటుంది గాని ముందునుండి వచ్చేది 0.39 రెట్లకు పడిపోతుంది. ప్రసార యాంటెనాకు అది నష్టం. గ్రహణ యాంటెనాకు అది లెక్కలోనిది కాదు. పొట్టి తీగలు పనికివచ్చే రహస్యం ఇంతే. కాని ఎడం తగ్గిన కొద్దీ కేబులు కొలతలోను, తీగల సమానత్వంలోను చిన్న పొరపాటు కూడా శూన్యాన్ని చెరుపుతుంది. కనుక చిన్న యాంటెనా కోరేవారు కొలతలలో పెద్ద ఓపిక చూపవలసి ఉంటుంది.

చెవిని ఏ దిక్కుకు ఒగ్గాలి? గోడపటం చూసి అమెరికా పడమర ఉన్నదనుకుంటే పొరబడినట్లే. గోళంపై సికింద్రాబాదునుండి న్యూయార్కుకు దారం లాగి పట్టుకుంటే అది దాదాపు ఉత్తరంగా, కొద్దిగా పడమరకు వాలి సాగుతుంది. ఐరోపా వాయవ్యంలో, జపాను ఈశాన్యంలో పడతాయి. శీతకాలంలో ఉరుములు, మెరుపుల పుట్టిళ్ళు ఇండోనేషియా దీవులు, దక్షిణాఫ్రికా ప్రాంతాలు, అనగా మనకు ఆగ్నేయ, నైరుతి దిక్కులు. వినవలసిన దేశాలు ఉత్తరార్ధంలో, రొద దక్షిణార్ధంలో ఉండడం తెలుగువారికి ప్రకృతి చేసిన ఉపకారం. వాయవ్యానికి ముఖం పెట్టిన హృదయాకారపు వినికిడి ఆ రొదను వెన్నుతో తిప్పికొడుతుంది. కాలం విషయంలోనూ ఒక వింత పొత్తు కుదిరింది. డిసెంబరు చివరి వారంలో హైదరాబాదు, సికింద్రాబాదులలో సూర్యుడు సాయంత్రం 5 గంటల 50 నిమిషాల ప్రాంతంలో అస్తమిస్తాడు. ఇంచుమించు అదే నిమిషాలలో న్యూయార్కులో సూర్యోదయమవుతుంది. రెండు కొసలూ వెలుగుచీకట్ల సరిహద్దుపై ఉన్న ఆ కొద్ది నిమిషాలలో తరంగాలు అనూహ్యంగా బలపడతాయి. ఆ అవకాశం కళ్ళముందే జారిపోతుంది. రొదలో సంకేతాన్ని వెతుక్కుంటూ కూర్చునే వ్యవధి ఉండదు.

యాంటెనా ఎంత చక్కగా కట్టినా దానిని ఇంట్లోకి చేర్చే కేబులు ద్రోహం చేయవచ్చు. పొట్టి యాంటెనా ఇచ్చే సంకేతం అతి స్వల్పం. కేబులు పైతొడుగుపై ఇంటి రొద ప్రవహిస్తే అది యాంటెనాను చేరి సంకేతంతో కలిసిపోతుంది. అప్పుడు శూన్యదిక్కు పూడిపోతుంది. యాంటెనా మౌనం వహించినా కేబులు వాగుతుందన్నమాట. కేబులును ఫెర్రైటు వలయాలలో పలుచుట్లు తిప్పడం, ట్రాన్స్‌ఫార్మరులో రెండు చుట్లనూ విడివిడిగా ఉంచడం దీనికి చికిత్స. యాంటెనాను విడదీసి, కేబులు కొసన తగిన నిరోధకం మాత్రమే పెట్టి వింటే రోగం తెలుస్తుంది. రొద ఇంకా వినిపిస్తే తప్పు కేబులుదే. వర్ధకం ఎంపికలో కూడా మెలకువ అవసరం. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం పేరు చెప్పగానే 738 కిలోహెర్ట్జ్ గుర్తుకు వస్తుంది. అటువంటి బలమైన స్థానిక ప్రసారం సుకుమారమైన వర్ధకంపై పడితే, అది తడబడి ఆకాశంలో లేని సంకేతాలను తనలో సృష్టిస్తుంది. అందుకే వర్ధకానికి ముందు మధ్యతరంగాలను వడపోసే వలయాన్ని ఉంచుతారు. ప్రసార సమయంలో సొంత కేంద్రపు శక్తి వర్ధకాన్ని కాల్చివేయకుండా ఒక రిలే దానిని భూమికి కలుపుతుంది. ప్రసార యాంటెనా తాను పట్టిన రొదను పక్కనున్న చిన్న వలయంపై తిరిగి వెదజల్లగలదు. రెండింటినీ వీలైనంత దూరంగా నిలపాలి.

రొదను తప్పించుకొనే ముందు దాని పుట్టుకను వెతకడం న్యాయం. బ్యాటరీతో నడిచే గ్రాహకాన్ని పెట్టుకొని ఇంటి మెయిన్ స్విచ్చి కట్టివేస్తే, రొదలో ఎంత భాగం సొంత ఇంటిదో తేలిపోతుంది. పెక్కుమంది నెలల తరబడి విద్యుత్ శాఖను నిందించి, చివరకు తమ గోడకున్న చౌకరకపు ఛార్జరునే నేరస్థునిగా గుర్తిస్తారు.

ఇంత శ్రమ కొన్ని దూరదేశపు పలకరింపుల కోసమేనా అన్న సందేహం సహజం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో స్తంభాలు, తీగలు కొట్టుకుపోయి ఊళ్ళకు ఊళ్ళు బయటి లోకంతో సంబంధం కోల్పోయాయి. 2004 డిసెంబరులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం ప్రయోగాల కోసం అండమాను దీవులలోని పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్ళింది. ఆ నెల 26న సునామీ వచ్చింది. అభిరుచి కోసం నెలకొల్పిన కేంద్రం ఆ ఉదయంనుండి వార్తావహ కేంద్రంగా మారింది. సికింద్రాబాదుకు 1,600 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న దీవులలో ఎవరు క్షేమంగా ఉన్నారో, ఎవరికి ఏమి కావాలో ఆ రేడియోలు చెప్పాయి. ఇటువంటి వేళ పంపేవారి చేతిలో ఉండేది ఒక బ్యాటరీ, తొందరలో కట్టిన ఒక వంకర తీగ. వారి గొంతును పెంచడం వినేవారికి సాధ్యం కాదు. పట్టణంలో కూర్చున్న హ్యామ్ తన కిటికీ బయటి రొదకు ఓడిపోతే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

ఇక్కడ ఒక సాంకేతిక భేదాన్ని గుర్తుంచుకోవాలి. మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోని తీరప్రాంతంనుండి 80 మీటర్ల పట్టీపై వచ్చే తరంగం ఐనో ఆవరణాన్ని తాకి దాదాపు నడినెత్తినుండి దిగుతుంది. దూరదేశాల తరంగాలు క్షితిజానికి దగ్గరగా వస్తాయి. జెండా, కె9ఏవై వంటివి రెండవ కోవవాటికి అనువైనవి. పొరుగు జిల్లాలతో మాట్లాడేవారికి చిన్న వలయమే ఎక్కువ సాయపడుతుంది. వీధిలోని రొద నేలబారుగా వస్తుంది గనుక వలయపు సూదిమొన దానిని పొడిచివేస్తుంది. నడినెత్తినుండి వచ్చే మాటకు ఆ సూదిమొన అడ్డు తగలదు. వెదురు బద్దలపై చుట్టిన నాలుగు చుట్ల తీగ, విపత్తు వేళ, పెద్ద స్తంభంకంటె మెరుగైన చెవి కాగలదు.

ఇటువంటి పరికరాలను స్వయంగా చేసుకొనే అలవాటు హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలకు కొత్త కాదు. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ సులభంగా దొరికే విడిభాగాలతో రూపొందించిన బిటెక్స్ రేడియో నమూనాను ప్రపంచంలోని పలు దేశాల హ్యామ్‌లు తమ బల్లలపై నిర్మించుకున్నారు. గ్రహణ యాంటెనా అంతకంటె తేలిక. గడకర్రకు, ఇనుప కడ్డీకి, మేకులకు రాణిగంజ్ దుకాణాలు చాలు. నిరోధకాలు, ఫెర్రైటు వలయాలు ఎలక్ట్రానిక్ సామాను అమ్మే అంగళ్ళలో దొరుకుతాయి.

సికింద్రాబాదులో ఈ తీగలకు పని ఉండేది నవంబరునుండి ఫిబ్రవరి వరకే. మార్చి దాటగానే ఉరుములు, మెరుపులు ఊరి నెత్తిమీదికే వస్తాయి. అప్పుడు రొద అన్ని దిక్కులనుండి వస్తుంది. ఏ హృదయాకారమూ దానిని ఆపలేదు. పైగా మెరుపుకు చిన్న తీగ, పెద్ద తీగ అన్న భేదం లేదు. తొలి ఉరుముకు ముందే కేబులును గ్రాహకంనుండి ఊడదీసి, దాని కొసను ఇంటి గోడకు వెలుపల భూమికి కలిపి ఉంచాలి. కార్తికం వచ్చి ఆకాశం తేటపడిన తర్వాత, కడ్డీ వద్ద తుప్పు గీకి, ఎండకు పెళుసెక్కిన కట్లు మార్చి, తీగను మళ్ళీ కేబులుకు కలుపుతారు.